మందు పొట్లం మీద సూర్యుడు, చంద్రుడు

1956 వరకు రాజురా హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాలో భాగం. ఆనాటి కుటుంబాలలోనూ, తరువాత బొగ్గుగనుల పనికి వచ్చి స్థిరపడిన తెలుగువారిలోనూ, మరాఠీ మాట్లాడగలిగినా చదవలేని వృద్ధులు ఉన్నారు. కిరాణా దుకాణంలో ఆ లోటు అంతగా కనబడదు. మందుల దుకాణంలో అది ప్రాణం మీదికి వస్తుంది.

రక్తపోటు మాత్ర, మధుమేహం మాత్ర చూపుకు ఒకే తీరున ఉండవచ్చు. మధుమేహం మాత్ర పొరపాటున రెండుసార్లు వేసుకుంటే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. కనుక దుకాణదారులు పొట్లం మీద ఉదయానికి సూర్యుణ్ణి, రాత్రికి చంద్రుణ్ణి గీసి ఇవ్వాలని మనవి. "అర్థమైందా?" అని అడిగితే పెద్దలు బిడియంతో తల ఊపుతారు. "ఏది ఎప్పుడు వేసుకుంటారో ఒకసారి చెప్పండి" అని అడిగితేనే సంగతి తెలుస్తుంది. ఆ రెండు నిమిషాలు వారు కూర్చోవడానికి ఒక కుర్చీ ఉండాలి. (అరుగు ఉన్న పాత దుకాణాలకు ఈ సలహా అక్కరలేదు.)

బ్యాంకుల విషయం వేరు. 70 ఏళ్లు దాటిన ఖాతాదారులకు ఇంటివద్దనే నగదు అందించే సేవలకై రిజర్వు బ్యాంకు 2017లోనే ఆదేశించింది. మీ శాఖలో అడగండి. వయోవృద్ధుల జాతీయ సహాయవాణి సంఖ్య 14567.