సొంత పుట

లిఖిత పత్రిక తెలుగువారికి కొత్తది కాదు. అచ్చు వేయించే స్తోమత లేని యువకులు తెల్లకాగితాల మీద చేతితో కథలు, పద్యాలు రాసి, బొమ్మలు గీసి, దారంతో కుట్టి పత్రిక తయారుచేసేవారు. ఉన్నది ఒకే ప్రతి. అదే చేతులు మారుతూ ఊరంతా తిరిగేది. పాఠశాలల్లో గోడపత్రిక కూడా ఇలాంటిదే. ఈ రెండింటికీ ఒక చిక్కు ఉంది. చదివేవారు ఆ ఊరిని, ఆ గోడను దాటి ఉండరు. కాగితం చిరిగితే రాత కూడా పోతుంది.

ఇంటర్నెట్టు వచ్చిన తరువాత ఈ లిఖిత పత్రికకు ఒక కొత్త రూపం ఏర్పడింది. దాని పేరు బ్లాగు. ఒక మనిషి తన పేరుతో, తనకు తోచిన విషయాలను తేదీల వారీగా రాసుకొనే పుట అది. కొత్త రాత పైన ఉంటుంది, పాతది కిందికి దిగుతుంది. దినచర్య రాసే పుస్తకం వంటిదే కాని, దీనిని ఇతరులు కూడా చదవవచ్చు, చదివి తమ అభిప్రాయం రాయవచ్చు.

1997 డిసెంబరులో జార్న్ బార్గర్ అనే అమెరికన్ తన పుటకు 'వెబ్‌లాగ్' అని పేరు పెట్టాడు. వెబ్ అంటే ఇంటర్నెట్టు వల, లాగ్ అంటే ఓడ ప్రయాణంలో రోజువారీ వివరాలు రాసే పుస్తకం. 1999లో పీటర్ మెర్‌హోల్జ్ అనే మరొకరు ఆ మాటను సరదాగా విరిచి 'వి బ్లాగ్' అన్నాడు. ఆ విరుపులోంచి 'బ్లాగు' పుట్టింది. అదే ఏడాది ఆగస్టులో పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ 'బ్లాగర్' అనే సేవను ప్రారంభించింది. కంప్యూటరు భాషలు రానివారు కూడా పుట తెరవడానికి అది వీలు కల్పించింది. 2003లో గూగుల్ ఆ సంస్థను కొన్నది. 2003 మే నెలలోనే 'వర్డ్‌ప్రెస్' కూడా వెలువడింది. ఈ రెండు చోట్లా డబ్బు కట్టకుండా పుట తెరవవచ్చు.

తెలుగువారు బ్లాగులు రాయడం మొదలుపెట్టాక వారికి మాటలు కావలసి వచ్చాయి. పుటలో ప్రచురించే ఒక్కొక్క రాతను 'టపా' అన్నారు. ఒకప్పుడు ఉత్తరాల రాకపోకలకు వాడిన మాట అది. రాసేవారు 'బ్లాగరి' అయ్యారు. చదివినవారు కింద రాసే అభిప్రాయం 'వ్యాఖ్య', ఇంటర్నెట్టు 'అంతర్జాలం' అయ్యాయి. బెంగళూరు విద్యార్థులకు ఇక్కడ ఒక ముచ్చట ఉంది. ఈ నగరంలో ఉత్తరాల కార్యాలయం బోర్డు మీద కన్నడంలో 'అంచె కచేరి' అని ఉంటుంది. 'అంచె' తెలుగులోనూ ఉంది. ఒకరి నుంచి ఒకరు అందుకొని ముందుకు సాగే మజిలీ అని దాని అర్థం. 'అంచెలంచెలుగా ఎదిగాడు' అన్నప్పుడు తెలుగువారు వాడేది ఆ మాటనే.

మాటలు దొరికాయి సరే, అక్షరాల సంగతి అంత తేలికగా తేలలేదు. 1990లలో కంప్యూటరులో తెలుగు రాయాలంటే ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క ఫాంటు అమ్మేది. ఒక ఫాంటులో 'అ' అన్న సంఖ్యకు మరొక ఫాంటులో 'ణ' ఉండేది. ఒకరు రాసి పంపిన ఉత్తరం రెండవవారి కంప్యూటరులో అర్థం లేని గీతల గుంపుగా కనిపించేది. ఈ అవస్థను తప్పించింది యూనికోడ్. ప్రపంచంలోని ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన సంఖ్య ఉండాలన్నది దాని నియమం. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దొరికింది.

ఆ సంఖ్యలలో ఒక అందం ఉన్నది. తెలుగు 'క' సంఖ్య 3093. కన్నడ 'క' సంఖ్య 3221. తేడా 128. తెలుగు 'అ'కూ కన్నడ 'అ'కూ తేడా అంతే. 'మ'కూ అంతే. అక్కచెల్లెళ్ల వంటి ఈ రెండు లిపులకు యూనికోడ్‌లో కేటాయించిన స్థలాలు పక్కపక్కనే ఉన్నాయి, అక్షరాల వరుస కూడా ఒకటే. భారతదేశంలో అంతకుముందే రూపొందిన 'ఇస్కీ' అనే పట్టికను ఆధారం చేసుకోవడం వలన ఈ పొందిక కుదిరింది. ఇన్‌స్క్రిప్టు కీలపలక మీద కూడా ఇంతే. తెలుగులో 'క' పడే మీటనే కన్నడానికి మార్చుకొని నొక్కితే కన్నడ 'క' పడుతుంది. బడిలో రెండు లిపులూ నేర్చినవారికి ఒక కీలపలక వస్తే రెండూ వచ్చినట్టే.

మీటలు గుర్తుపెట్టుకోలేని వారికి మరొక మార్గం దొరికింది. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు ఉచ్చారణను రాసే ఒక పద్ధతిని ఏర్పరిచారు. వీవెన్ అనే తెలుగు బ్లాగరి 'లేఖిని' అనే పరికరాన్ని ఆ పద్ధతి మీదనే తయారుచేశాడు. ఇంగ్లీషు మీటలు నొక్కుతుంటే పక్కనే తెలుగు అక్షరాలు వస్తాయి. ఎందరో బ్లాగరులు తొలి టపాలు దానితోనే రాశారు. కన్నడంలో శేషాద్రివాసు 1998లో వెలువరించిన 'బరహ' ఇలాంటి మేలే చేసింది. తరువాత అది తెలుగుకూ పనికివచ్చింది. ఇప్పుడు సెల్‌ఫోనులోనే తెలుగు కీలపలక దొరుకుతున్నది.

ఇక పుట తెరిచే విధానం. కోలారు ప్రాంతం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుంటే ఇది సులభంగా తెలుస్తుంది. ఇంట్లో అవ్వ, అమ్మ, నాన్న, తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉన్నారు. కంప్యూటరు పని తెలిసిన పెద్దమ్మ కొడుకు ఆదివారం వస్తుంటాడు. అవ్వ మాట్లాడే తెలుగు పాఠ్యపుస్తకంలోని తెలుగులా ఉండదు. ఆమె వేరుశనగను చెనిక్కాయ అంటుంది. ఎక్కడ అనడానికి యాడ అంటుంది. తోటివారిలో కొందరు ఆ మాటలు విని నవ్వారు. అవి తప్పు మాటలు కావని, ఒక ప్రాంతపు మాటలని ఉపాధ్యాయురాలు చెప్పాక, వాటిని రాసిపెట్టాలని ఆ అమ్మాయికి తోచింది. అవ్వకు డెబ్భై దాటాయి. ఆ మాటలు మరే పుస్తకంలోనూ ఆమెకు కనబడలేదు.

"అన్నా, బ్లాగు తెరవాలంటే ఏం కావాల?" అని అడిగింది.

"ముందు ఒక ఖాతా కావాల. పెద్దమ్మనో చిన్నాయననో పక్కన కూర్చోబెట్టుకుందాం రా" అన్నాడతను.

అతడు అలా అనడం సబబే. గూగుల్‌లో సొంతంగా ఖాతా తెరవడానికి మన దేశంలో 13 ఏళ్లు నిండి ఉండాలి. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని బాలలుగానే లెక్కిస్తుంది. వారి వివరాలు తీసుకొనే సంస్థలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. కాబట్టి ఇంట్లో తెలియకుండా చేసే పని కాదిది.

ఖాతాతో బ్లాగరులోకి వెళ్లగానే మొదట అడిగేది పుట పేరు. ఆమె 'అవ్వ మాట' అని తెలుగులోనే రాసింది. తరువాత అడిగేది చిరునామా. దీనిని ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీతతోనే రాయాలి. చివర 'బ్లాగ్‌స్పాట్ డాట్ కామ్' అని దానంతట అదే చేరుతుంది. అదే చిరునామా ఇదివరకే ఎవరైనా తీసుకొని ఉంటే దొరకదు. రెండుసార్లు దొరకలేదు, మూడోసారి దొరికింది. ఇక్కడ తొందరపడకూడదు. పుట పేరును ఎన్నిసార్లయినా మార్చవచ్చు. చిరునామాను మార్చడానికి వీలున్నా, పాత చిరునామా తెలిసినవారు పుటకు దారి తప్పిపోతారు. ఇల్లు మారినవారి ఉత్తరాలు పాత ఇంటికి చేరినట్టే. ఆ తరువాత, చదివేవారికి కనిపించే పేరు. అక్కడ అసలు పేరే ఉండనక్కరలేదు. తెలుగు రచయితలకు కలం పేర్లు కొత్తవా! ఆమె కూడా ఒక కలం పేరు పెట్టుకుంది.

పుట తయారైంది. తెల్లగా, బోసిగా ఉంది. దానికి రూపం ఇచ్చేవి నమూనాలు. వాటిలో ఒకటి ఎంచుకొని రంగులు, అక్షరాల పరిమాణం మార్చుకోవచ్చు. ముదురు నీలం మీద ఎర్రటి అక్షరాలు పెడితే మొదట ముచ్చటగా ఉంటుంది కాని, రెండు పేరాలు చదివేసరికి కళ్లు లాగుతాయి. లేత రంగు మీద నల్లని అక్షరానికి మించినది ఇంతవరకు లేదు. తెలుగుకు మరొక జాగ్రత్త కూడా కావాలి. తలకట్టు, కొమ్ము, కింద ఒత్తు అన్నీ ఉండే లిపి కనుక వరుసల మధ్య ఇంగ్లీషుకంటె ఎక్కువ చోటు విడవాలి. లేకపోతే పై వరుసలోని 'స్త్ర' ఒత్తు కింది వరుసలోని గుడికి తగులుతుంది. సిలికానాంధ్ర వెలువరించిన తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. వాటికి మండలి, గిడుగు, గురజాడ, ధూర్జటి, పెద్దన, తిమ్మన, సూరన్న వంటి పేర్లు పెట్టారు. కొన్ని శీర్షికలకు, కొన్ని సాగే వచనానికి పనికివస్తాయి. ఒకే పుటలో రెండు ఫాంట్లు చాలు. మూడోది చేరితే పెళ్లి పందిరి అవుతుంది.

పుట పక్కన చిన్న చిన్న గళ్లు అమర్చుకోవచ్చు. పాత టపాల పట్టిక, వెతికే గడి, రచయిత పరిచయం వంటివి అవి. అన్నీ ఉన్నాయి కదా అని అన్నీ పెట్టనక్కరలేదు. వీటన్నిటిలో ఎక్కువ ఉపయోగపడేది వర్గాల పట్టిక. టపా రాసినప్పుడే 'వంట', 'సామెత', 'పొలం' అని వర్గం తగిలిస్తే, నూరు టపాలైన తరువాత కూడా కావలసినది క్షణంలో దొరుకుతుంది.

మొదటి టపా అనపకాయల మీద. చలికాలంలో బెంగళూరు సంతలన్నీ అనపకాయలే. కన్నడంలో అవి అవరెకాయలు. విశ్వేశ్వరపురంలో వాటి పేరుతో మేళాయే జరిగేది. అనపగింజలను నానబెట్టి, వేళ్ల మధ్య పితికి పొట్టు తీసి వండే కూర పితికిపప్పు. కన్నడంలో 'హితికిద బేళె' అంటారు. పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు అయినట్టే, పితుకు హితుకు అయింది. ఈ సంగతి తట్టగానే ఆమెకు వంట విధానంకంటె మాటల సంబంధమే ఎక్కువ రుచించింది. టపాలో సగం దాని మీదనే రాసింది.

టపాను వెంటనే ప్రచురించకుండా చిత్తుప్రతిగా దాచుకోవచ్చు. ముందుగా చూసుకోవచ్చు. ఆమె దాచి, అవ్వకు చదివి వినిపించింది.

"బాగుండాదిలేమ్మా. నా ఫొటో మాత్రం ఎయ్యద్దు" అంది అవ్వ.

"ఏమవ్వా, అందరూ చూస్తారు గదా?"

"అందుకే ఎయ్యద్దంటా ఉండా. పప్పు ఫొటో ఎయ్యి."

అవ్వ మాట నిలబడింది, గిన్నె ఫొటో పడింది. ఇతరుల ఫొటోగాని, ఇంటి సంగతిగాని వారి అనుమతి లేకుండా పెట్టకూడదన్న నియమాన్ని ఇంతకంటె సూటిగా చెప్పడం కష్టం. ఇంటి చిరునామా, ఫోను నంబరు, బడి పేరు, రోజూ వెళ్లే దారి వంటివి సొంతవే అయినా పుటలో ఉండరాదు. ఇతరుల కథను, పాటను, బొమ్మను తెచ్చి పెట్టుకోవడమూ కుదరదు. 1957 నాటి కాపీహక్కు చట్టం ప్రకారం సాహిత్య రచనల మీద రచయిత మరణించిన 60 ఏళ్ల దాకా హక్కులు ఉంటాయి.

అమరికలలో మూడు చూసి తీరాలి. మొదటిది భాష. దానిని తెలుగుకు మారిస్తే తేదీలు, నెలల పేర్లు తెలుగులో వస్తాయి. రెండవది, ఎవరు చదవవచ్చునన్నది. అందరికీ తెరవవచ్చు, లేదా కొందరికే పరిమితం చేయవచ్చు. బాలబాలికలు మొదట ఇంటివారికి, ఉపాధ్యాయులకు మాత్రమే తెరవడం మేలు. మూడవది వ్యాఖ్యలు. పుట యజమాని చూసి ఒప్పుకున్నాకే వ్యాఖ్య కనిపించేలా పెట్టుకోవచ్చు. ఆ అమ్మాయికి వచ్చిన మొదటి వ్యాఖ్య ముళబాగిలు నుంచి వాళ్ల మేనత్తది. "మేము దీంట్లో కొబ్బరి ఎయ్యం" అని ఒక్క ముక్కే. దాని మీద ఇంట్లో గంటసేపు చర్చ జరిగింది.

ఉచితం అన్న మాటలో ఒక మెలిక ఉన్నది. స్థలం ఇచ్చినవారిది, రాసేవారు అద్దె కట్టని కాపురస్థులు. జియోసిటీస్ అనే సేవలో లక్షలాది మంది సొంత పుటలు కట్టుకున్నారు. అమెరికాలో 2009 అక్టోబరులో యాహూ దానిని మూసివేసింది. నకలు తీసుకోనివారు తమ పుటలు పోగొట్టుకున్నారు. 2006 జూలైలో మన దేశంలోనే మరొకటి జరిగింది. ప్రభుత్వం కొన్ని పుటలను మాత్రమే ఆపమంటే, కొన్ని ఇంటర్నెట్టు సంస్థలు బ్లాగ్‌స్పాట్ చిరునామా ఉన్న పుటలన్నిటినీ కొన్నాళ్లు ఆపివేశాయి. అందువల్ల బ్లాగులోని టపాలన్నిటికీ నకలు దించుకొనే వీలును నెలకొకసారైనా వాడుకోవాలి. ఆ అమ్మాయి అంతటితో ఆగలేదు. ప్రతి టపాను ఒక నోటుపుస్తకంలోకి కూడా ఎత్తి రాస్తున్నది. అవ్వ చదువుకొనేది ఆ పుస్తకాన్నే.

అభ్యాసం

అ) జవాబులు రాయండి.
1. లిఖిత పత్రికకు, బ్లాగుకు గల పోలికలు, తేడాలు ఏవి?
2. యూనికోడ్ రాకముందు తెలుగు ఉత్తరం చదవడంలో ఏ ఇబ్బంది ఉండేది?
3. పుట పేరుకు, చిరునామాకు తేడా ఏమిటి? చిరునామా విషయంలో తొందరపడకూడదని ఎందుకన్నారు?
4. అవ్వ తన ఫొటో వద్దనడం సమంజసమేనా? మీ అభిప్రాయం రాయండి.

ఆ) తెలుగులో 'ప'తో మొదలై, కన్నడంలో 'హ'తో మొదలయ్యే మాటల జతలు పాఠంలో నాలుగు ఉన్నాయి. అలాంటివి మరో ఐదు సేకరించండి.

ఇ) తెలుగు 'క' సంఖ్య 3093. 'ఖ' దాని తరువాతి సంఖ్య. కన్నడ 'ఖ' సంఖ్య ఎంత?

ఈ) మీ ఇంట్లో పెద్దలు వాడే మాటలలో పాఠ్యపుస్తకాలలో కనబడని పది మాటలు రాసి, ఒక్కొక్కదానిని సొంతవాక్యంలో ప్రయోగించండి. వాటిలో ఒక మాట మీద పది వాక్యాల టపా రాసి, చెప్పినవారికి చదివి వినిపించండి.