మానవ మూలధనం – మన హాస్టల్ లెక్క



దేశం అభివృద్ధి చెందాలంటే భూమి, యంత్రాలు, డబ్బు ఉంటే చాలదు. వాటిని వాడే మనిషికి చదువు, ఆరోగ్యం, నైపుణ్యం ఉండాలి. వీటినే అర్థశాస్త్రంలో ‘మానవ మూలధనం’ అంటారు. ఈ భావనను బలంగా వినిపించిన థియోడర్ షుల్ట్జ్‌కు 1979లో నోబెల్ బహుమతి వచ్చింది. చదువుకు పెట్టేది వట్టి ఖర్చు కాదు, పెట్టుబడి అన్నదే ఆయన వాదన.

దీనికి దక్షిణ కొరియా మంచి ఉదాహరణ. 1950–53 యుద్ధంలో ఆ దేశం శిథిలమైంది. పెట్రోలు బావులు లేవు. అయినా ముందు పిల్లలందరినీ ప్రాథమిక పాఠశాలకు చేర్చింది. ఆ తరమే 1960ల తర్వాత ఎగుమతి పరిశ్రమలను నడిపింది. చదువుతో పాటు అక్కడ ఉద్యోగాలూ పెరిగాయి. రెండూ కలిస్తేనే ఫలితం.

షుల్ట్జ్ చెప్పిన మరో మాట మనకు ముఖ్యం. ఫీజులు, పుస్తకాలే కాదు, చదువుకునే కాలంలో పోగొట్టుకునే కూలి కూడా చదువు ఖర్చే.

ఇది నాకు ఎం.ఏ. క్లాసు కంటే ముందే, పదో తరగతి పాసైన వేసవిలో తెలిసింది. రోజుకు 300 రూపాయలిస్తాను, పనికి పంపమని మేస్త్రీ మా నాన్నను అడిగాడు. ఏడాదికి 200 రోజులు పని దొరికినా 60,000. ఇంటర్ రెండేళ్ళకు 1,20,000. ఇంట్లో అప్పుంది. నాన్న రెండు రోజులు ఏమీ తేల్చలేదు. మూడోరోజు అమ్మ, “హాస్టల్లో అన్నం పెడతారు గదా, మన కూలితో మనం బతుకుదాం, పోనీయ్” అంది. అలా నా పెట్టె ఈ హాస్టల్‌కు చేరింది.

కాబట్టి మనం తినే అన్నం దయాధర్మం కాదు, దేశం పెట్టుబడి. మనం తేని కూలి మన అమ్మానాన్నల పెట్టుబడి.

మన దేశంలో అక్షరాస్యత 1951లో 18.33 శాతం, 2011లో సుమారు 73 శాతం. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు కేటాయించాలని 1966లో కొఠారీ కమిషన్ చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా మళ్ళీ ఆ 6 శాతమే లక్ష్యమంది. అంటే ఆ బాకీ ఇంకా తీరలేదు.

తమ్ముళ్ళారా! సెలవుల్లో పనికి వెళ్ళడం తప్పు కాదు. కానీ సెలవులకు వెళ్ళి తిరిగి రానివాళ్ళు ప్రతి ఏడూ ఉంటున్నారు. మానేసే ముందు వార్డెన్ సార్‌తోనో, మాలాంటి సీనియర్లతోనో ఒక్కసారి మాట్లాడండి. అన్నలారా! ఒక్క తమ్ముడి పరీక్ష ఫీజు కట్టినా అది పెట్టుబడే. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఇక్కడ చాలా ఇళ్ళల్లో మొదటి డిగ్రీ మీదే కావాలి.