ఆటోలో ఎంతమందికి బీమా? ప్రశ్నలు - జవాబులు

మిరప కోతలు మొదలయ్యాయంటే ఈ శీర్షికకు బండ్ల గురించిన ఉత్తరాలే ఎక్కువ వస్తాయి. పల్నాడు, బాపట్ల, ప్రకాశం, గుంటూరు పల్లెల నుంచి వచ్చినవాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: నేను ముఠా మేస్త్రిని. మా ఊరి నుంచి పన్నెండు మంది ఆడకూలీలను పొద్దున్నే ఒకే ఆటోలో కోతలకు తీసుకెళ్తుంటాను. కిరాయి రైతే ఇస్తాడు, రెండో ఆటోకి ఒప్పుకోడు. ఆటో అతనేమో ‘ఇన్సూరెన్స్ ఉంది, భయం లేదు’ అంటాడు. నిజంగా అందరికీ వర్తిస్తుందా?
– ఒక మేస్త్రి, ప్రత్తిపాడు మండలం

జవాబు: వర్తించదు. ఆర్‌సీలో ఎన్ని సీట్లు రాసి ఉంటే పాలసీ అన్నిటికే. మామూలు ప్యాసింజర్ ఆటో అయితే డ్రైవర్ కాక ముగ్గురికి. 2007లో అంజనా శ్యామ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. బండిలో ఎంతమంది ఉన్నా బీమా కంపెనీ బాధ్యత పాలసీలో ఉన్న సంఖ్య వరకే. కోర్టు ఖరారు చేసిన పరిహారాల్లో పెద్దవాటిని ఆ సంఖ్య మేరకు లెక్కగట్టి కంపెనీ కడుతుంది. ఆ మొత్తాన్ని బాధితులందరికీ దామాషాగా పంచుతారు. మిగిలింది బండి యజమాని దగ్గర రాబట్టుకోవాలి. మీ లెక్కలో అయితే ముగ్గురి డబ్బు పన్నెండు ఇళ్లకు పంచుకోవాలి. నెలనెలా ఫైనాన్స్ కిస్తీ కట్టడానికే తంటాలు పడే ఆటో అతను మిగతాది ఎక్కడి నుంచి తెస్తాడు?

జరిమానా సంగతీ చెప్పాలి. సీట్లకు మించి ఎక్కిన ఒక్కొక్కరికి 200 రూపాయలు. మీ ఆటోకి 1,800 అవుతుంది. అదనంగా ఎక్కినవాళ్లను దించి, వాళ్లకు వేరే బండి ఏర్పాటు చేసేదాకా ఆటోను కదలనివ్వకూడదని కూడా చట్టంలో ఉంది.

ఆటో వద్దని ట్రాక్టర్ ట్రక్కు ఎక్కిస్తే ఇంకా నష్టం. సరుకు వేసుకునే బండిలో ఊరికే ఎక్కిన మనుషులకు బీమా కంపెనీ బాధ్యత వహించనక్కర్లేదని ఆశారాణి కేసులో 2002లోనే తీర్పు వచ్చింది. ట్రాక్టర్ పాలసీ కూడా సేద్యపు పనులకే గాని మనుషుల్ని చేరవేయడానికి కాదు. 2020 మే నెలలో నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరప కూలీల ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని ఢీకొట్టింది. 2023 మే నెలలో దాచేపల్లి మండలం పొందుగుల దగ్గర, నల్గొండ జిల్లా నుంచి కోతలకు వస్తున్న ఇరవై మందికి పైగా కూలీలున్న ఆటోను లారీ ఢీకొంది. రెండుచోట్లా చనిపోయినవాళ్లు రెక్కాడితే గాని డొక్కాడని మనుషులే.

కాబట్టి కూలి రేటు మాట్లాడుకునేటప్పుడే బండి సంగతీ తేల్చుకోండి. చట్టం ప్రకారం మ్యాక్సీ క్యాబ్‌లో పన్నెండు మంది దాకా వెళ్లొచ్చు. ఆ ఆర్‌సీలో పన్నెండు సీట్లు ఉన్నాయో లేదో చూసి మాట్లాడుకుంటే మీ ముఠా మొత్తానికి ఒక్క బండి చాలు. పక్క ముఠాల మేస్త్రీలను కూడా కలుపుకుని అందరూ ఒకే మాట మీద ఉండండి. కాయ పండి చెట్టున ఉన్నప్పుడు రైతుకు కూలీల అవసరం ఎంతో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లో చదువుతున్నాడు. అక్కడ ట్యాక్సీలకు ఊరి కౌన్సిలే లైసెన్సు ఇచ్చి తనిఖీలు చేస్తుందట. మన గుంటూరు కార్పొరేషన్ ఎందుకు పట్టించుకోదు?
– ఒక గృహిణి, బ్రాడీపేట

జవాబు: ఇక్కడ ఆ అధికారం కార్పొరేషన్‌ది కాదమ్మా. 1988 మోటారు వాహనాల చట్టం కింద పర్మిట్లు, ఫిట్‌నెస్, లైసెన్సులు అన్నీ రవాణా శాఖ చూస్తుంది. ఆటో స్టాండుకు చోటు చూపించమని అడగాలంటే కార్పొరేషన్‌కు వెళ్లండి. బండి బాగాలేదని ఫిర్యాదు చేయాలంటే ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లండి.

మీ అబ్బాయి చెప్పింది నిజమే. లండన్ బయట 1976 నాటి చట్టం ప్రకారం ప్రైవేట్ హైర్ కారుకు కౌన్సిల్ మూడు లైసెన్సులు ఇస్తుంది. ఒకటి డ్రైవర్‌కు, ఒకటి బండికి, ఒకటి బుకింగ్ తీసుకునే ఆపరేటర్‌కు. ఎవరు, ఎప్పుడు, ఏ బండిలో వెళ్లారో ఆపరేటర్ రాసిపెట్టుకోవాలి. మన దగ్గర 2019 సవరణతో ఓలా, ఊబర్ లాంటి కంపెనీలకూ లైసెన్సు ఉండాలన్నారు. పల్లెలో మాత్రం బండి మాట్లాడి మనుషుల్ని ఎక్కించేది మేస్త్రో, రైతో. వాళ్లను ఏ కాగితమూ అడిగేవాళ్లు లేరు. నా దృష్టిలో మన పద్ధతిలో పెద్ద లోటు ఇదే. డ్రైవర్‌ను పట్టుకుంటాం, బండిని పట్టుకుంటాం, ఎక్కించినవాణ్ణి వదిలేస్తాం. చట్టం వచ్చేదాకా ఆగకుండా, బండి నంబరు, డ్రైవర్ ఫోను, ఎక్కినవాళ్ల పేర్లు ఒక నోటుబుక్కులో రాసుకునే అలవాటు మేస్త్రీలే చేసుకోవచ్చు.

ప్రశ్న: మా కారు వారంలో ఆరు రోజులు ఇంటి ముందే ఉంటోంది. తెలిసినవాళ్లకు తిరుపతి, శ్రీశైలం కిరాయికి తిప్పితే తప్పా? లైసెన్సు మార్చుకోవాలా?
– ఒక చిన్న వ్యాపారి, చీరాల

జవాబు: తెల్ల నంబరు ప్లేటుతో కిరాయికి తిప్పడం తప్పే. పర్మిట్ లేకుండా నడిపితే మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. బండిని సీజ్ చేసే అధికారమూ ఉంది. అంతకన్నా పెద్ద చిక్కు బీమాతో వస్తుంది. సొంత వాడకానికి తీసుకున్న పాలసీతో కిరాయికి వెళ్లి గుద్దుకుంటే రిపేరు ఖర్చు ఇవ్వనని కంపెనీ అనొచ్చు.

నిజంగా తిప్పాలనుకుంటే ట్యాక్సీగా మార్పించండి. అప్పు మీద ఉన్న బండి అయితే ముందు ఫైనాన్స్ కంపెనీ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. ఆ తర్వాత ఫిట్‌నెస్, పర్మిట్, ట్యాక్సీ పాలసీ, పసుపు ప్లేటు. బండి ఎక్కడుందో తెలిపే ట్రాకింగ్ పరికరం, ఆపదలో నొక్కే బటన్ కూడా పెట్టించాలి. లైసెన్సు మార్చుకోనక్కర్లేదు. 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపడానికి మామూలు కారు నడిపే ఎల్‌ఎంవీ లైసెన్సు చాలని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది.

ప్రశ్న: రాత్రిపూట రైలు దిగి ఊరికి ఒంటరిగా కారులో వెళ్లాల్సి వస్తుంటుంది. ఎక్కే ముందు ఏం చూసుకోవాలి?
– ఒక నర్సు, సత్తెనపల్లి

జవాబు: ముందు ప్లేటు చూడండి. పసుపు మీద నల్ల అక్షరాలుంటే ట్యాక్సీ. కరెంటు బండి అయితే ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలుంటాయి. తర్వాత ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఫిట్‌నెస్, బీమా గడువులు కనిపిస్తాయి. ఆ స్క్రీన్ ఫొటో ఇంట్లోవాళ్లకు పంపండి, పంపిన సంగతి డ్రైవర్‌కు వినబడేలా ఫోన్‌లో చెప్పండి. ఏ మాత్రం తేడా అనిపించినా 112కు ఫోన్ చేయండి. ట్రాకింగ్, బటన్ నిబంధన ఆటోలకు లేదు కాబట్టి ఆటో ఎక్కినప్పుడు ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

ప్రశ్న: నా ఆటోకి ఫిట్‌నెస్ గడువు దాటింది. ఇప్పుడు సీజన్. కోతలు అయిపోయాక చేయించుకుంటే సరిపోదా?
– ఒక ఆటో డ్రైవర్, నరసరావుపేట

జవాబు: సరిపోదు తమ్ముడూ. ఫిట్‌నెస్ లేని రవాణా వాహనానికి చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్ కూడా చెల్లదు. ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆ పైన ఏటా చేయించాలి. యాక్సిడెంట్ అయ్యాక బీమా కంపెనీ మొట్టమొదట అడిగే కాగితాల్లో ఇదొకటి. గడువు దాటిందంటే, బాధితులకు కట్టిన సొమ్మును నీ దగ్గర రాబట్టుకోవడానికి కంపెనీకి సాకు దొరికినట్టే. బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు దొరక్కుండా డొంక దారిన వెళ్తే జరిమానా తప్పుతుందేమో గాని, అరిగిన బ్రేకు బాగుపడదు. కోతలకు చీకటితోనే, మంచులో బయల్దేరాలి. హెడ్‌లైట్, వెనక లైట్లు, టైర్లు ముందు చూపించుకో. 2025 అక్టోబరులో ‘ఆటో డ్రైవర్ల సేవలో’ పథకం కింద ప్రభుత్వం డ్రైవర్లకు 15,000 చొప్పున ఇచ్చింది. నీకూ అంది ఉంటే ముందుగా దీనికే ఖర్చు పెట్టు. ఒక్క రోజు నాగా అవుతుంది, అంతే.