ఆకులో పుష్టి ఉంటేనే గూటిలో పట్టు



రాగి సంగటి తింటే పని చేసే సత్తువ వస్తుంది. పప్పు, గుడ్డు, పాలు తింటే కండ పడుతుంది. సంగటిలో ఎక్కువగా ఉండేవి పిండిపదార్థాలు. పప్పులో, గుడ్డులో ఉండేవి మాంసకృత్తులు. ఈ రెండూ మన పిల్లలకు ఎంత అవసరమో తట్టలోని పురుగులకూ అంతే అవసరం. కాని పట్టుపురుగుకు మల్బరీ ఆకు ఒక్కటే ఆహారం. ఆకులో లోపించినది అది మరోచోట తెచ్చుకోలేదు.

ఆకులో ఇవి ఎలా తయారవుతాయి?

ఎండ తగిలినప్పుడు ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేళ్ళు తెచ్చిన నీటిని కలిపి చక్కెర తయారు చేస్తుంది. మిగులును పిండిగా దాచుకుంటుంది. ఈ చక్కెరకు నేలలోని నత్రజని తోడైతే మాంసకృత్తులు తయారవుతాయి. అందుకే చెట్ల నీడన పెరిగిన ఆకులో నీరెక్కువ, చక్కెర తక్కువ. నత్రజని చాలని తోటలో ఆకు పసుపుబారి, మాంసకృత్తులు తగ్గుతాయి.

పురుగు వీటిని ఏమి చేస్తుంది?

పట్టు దారమంటే మాంసకృత్తులే. లోపలి పోగు ఫైబ్రోయిన్, పైనున్న జిగురు సెరిసిన్. పట్టులో దాదాపు 70 శాతం ఆకులోని మాంసకృత్తుల నుండే నేరుగా వస్తుంది. చక్కెరలు పురుగుకు శక్తినిస్తాయి, కొవ్వుగా మారి నిల్వ ఉంటాయి. గూడు కట్టిన తర్వాత పురుగు ఏమీ తినదు, ఆ నిల్వతోనే బతుకుతుంది.

యూరియా ఎక్కువైతే?

తోట నల్లగా, గుబురుగా ఉందని మురిసిపోయి, నాల్గవ జ్వరం లేచాక పురుగులు వాలిపోతే తల పట్టుకునే రైతులను మేము చూస్తూనే ఉన్నాము. అధిక నత్రజనిని వాడుకోవడానికి మొక్క తన చక్కెరను ఖర్చు చేస్తుంది. ఆకు మెత్తగా, నీరుగా తయారవుతుంది. అది తిన్న పురుగులకు రోగాలు తేలికగా సోకుతాయి. చేతికందే పంట పోతుంది, గుడ్ల ఖర్చు, కూలీల ఖర్చు మీద పడుతుంది.

నీటి వసతి గల వి-1 తోటకు ఎకరాకు సంవత్సరానికి 8 టన్నుల పశువుల ఎరువు, 140 కిలోల నత్రజని, 56 కిలోల భాస్వరం, 56 కిలోల పొటాష్ చాలు. నత్రజనిని 5 పంటలకు సమానంగా పంచండి. పంటకు 28 కిలోలు, అంటే యూరియా రూపంలో సుమారు 61 కిలోలు. మట్టి పరీక్ష చేయించి ఈ మోతాదును సరిచూసుకోండి.

గుర్తుంచుకోండి

1. చాకీ పురుగులకు నీరు, మాంసకృత్తులు, చక్కెర ఎక్కువగా ఉన్న లేత ఆకు వేయండి. మొదటి దశలో కొమ్మ కొననుండి మెరిసే పెద్ద ఆకును, దాని దిగువ ఒకటి రెండు ఆకులను కోయండి.

2. మొత్తం మేతలో 80 శాతానికి పైగా ఐదవ దశలోనే తింటాయి. అప్పుడు ఆకు తగ్గిస్తే గూడు పలచబడుతుంది.

3. కోసిన ఆకు కూడా ఊపిరి పీలుస్తూ తన చక్కెరను ఖర్చు చేసుకుంటుంది. కుప్ప పోస్తే వేడెక్కి చెడుతుంది. చల్లని పూట కోసి, పలుచగా పరచి, తడి గోనెపట్టా కప్పండి.

4. పసుపుబారిన, దుమ్ము పట్టిన, వాడిన ఆకు వేయకండి.

సందేహాలుంటే దగ్గరలోని పట్టు సాంకేతిక సేవా కేంద్రానికి రండి. వచ్చేటప్పుడు మీ తోట ఆకులు నాలుగు వెంట తెండి.