చిన్న దీపం నేర్పిన పాఠం

నెట్‌వర్కు కేబులు గుచ్చే సాకెట్టు పక్కన మినుకు మినుకుమనే చిన్న దీపాలను మనమంతా రోజూ చూస్తూనే ఉంటాం. ల్యాబులో "నెట్ వస్తోందా?" అని ఎవరైనా అడిగితే ముందు చూసేది వాటినే. రైతుబిడ్డను గనుక నాకీ అలవాటు చిన్నప్పుడే అబ్బింది. మా బోరు దగ్గర స్టార్టరు పెట్టెకు ఎరుపు, పసుపు, నీలం దీపాలు మూడుంటాయి. మూడూ వెలిగితేనే మూడు ఫేజులూ వచ్చినట్టు. ఆ రోజుల్లో కరెంటు కోసం అర్ధరాత్రి లేచిన మా నాయన, గట్టు మీద నిలబడే వాటిని చూసి మోటారు వేయాలో వద్దో చెప్పేసేవాడు.

ఆ దీపాలకూ ఈ దీపాలకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. అది తెలియక నేను పడిన పాట్లే ఈ వ్యాసం.

కేబులులో వచ్చే సంకేతాలను అందుకుని కంప్యూటరుకు అర్థమయ్యే అంకెలుగా మార్చేది ఈథర్‌నెట్ ట్రాన్సీవరు చిప్పు. సైన్సు ప్రదర్శన కోసం నేను తీసుకున్నది లాన్8720ఎ అనే రకం. దానికి 24 పిన్నులు. వాటిలో రెండు దీపాలకు పనికొస్తాయి. మొదటి దీపం అవతలివైపుతో సంబంధం కుదరగానే వెలుగుతుంది. సమాచారం వస్తూ పోతూ ఉంటే మినుకుతుంది. రెండోది వేగం సెకనుకు 100 మెగాబిట్లయితే వెలుగుతుంది, 10 అయితే వెలగదు. కనుక అది వెలగనంత మాత్రాన ఏదో చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు.

దీపం వెలిగించడం ఎంత పని? ఓమ్ సూత్రం ఏనాడో చదువుకున్నాం. సరఫరా 3.3 వోల్టులు. ఆకుపచ్చ ఎల్.ఇ.డి. సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన 1.3 వోల్టులను 330 ఓముల రెసిస్టరుతో భాగిస్తే దాదాపు 4 మిల్లీ ఆంపియర్లు. కంటికి కనిపించడానికి అది చాలు. లెక్క సరిపోయిందన్న ధీమాతో 3.3 వోల్టుల తీగ, ఎల్.ఇ.డి., రెసిస్టరు, మొదటి దీపం పిన్ను, ఈ వరసలో కలిపేశాను.

స్విచ్చి వేస్తే దీపం రాలేదు సరికదా, చిప్పే పలకలేదు. కేబుళ్లు మార్చాను, సాకెట్టు మార్చాను. రెండు రోజులు గడిచాయి. చిప్పు కాలిపోయిందని తీర్మానించుకుని, ఇంకోటి కొనడానికి డబ్బులడుగుదామని ఇంటికి ఫోన్ చేశాను. మొదటిదానికీ శెనక్కాయలమ్మిన డబ్బుల్లోంచే ఇచ్చాడు నాయన. అంతా విని, "దీపం రాలేదని మోటారు విప్పుతార్రా ఎవరైనా? ముందు ఆ దీపం తీగ చూడుపో" అన్నాడు.

సిగ్గుపడి డేటాషీటు మొదటినుంచీ చదివాను. ఆ పిన్నుకు రెండు పేర్లున్నాయి: ఎల్.ఇ.డి.1, రెగాఫ్. కరెంటు వచ్చిన తొలి క్షణంలో అది దీపం పిన్ను కాదు; చిప్పు తనకిచ్చిన ఆజ్ఞను చదువుకునే పిన్ను. అప్పుడది సున్నా వోల్టుల వైపు ఉంటే, చిప్పు తన లోపలి 1.2 వోల్టుల రెగ్యులేటరును నడుపుతుంది. 3.3 వోల్టుల వైపు ఉంటే, ఆ సరఫరా బయటినుంచి వస్తుందనుకుని రెగ్యులేటరును ఆపేస్తుంది. పిన్నును కిందికి లాగే ఏర్పాటు లోపల ఉంది గాని, అది బలహీనమైంది. నా ఎల్.ఇ.డి. దాన్ని పైకి లాగేసింది. మీటరు పెట్టి చూస్తే 1.2 వోల్టులుండాల్సిన చోట దాదాపు సున్నా!

మందు తేలికే. పిన్ను, ఎల్.ఇ.డి., రెసిస్టరు, గ్రౌండు, ఈ వరసలోకి మార్చాను. వెంటనే చిప్పు లేచింది, దీపమూ వచ్చింది. తొలి క్షణంలో పిన్ను కింద ఉంటే దాన్ని పైకెత్తి, పైన ఉంటే కిందికి దించి దీపం వెలిగించాలని చిప్పు తానే నిర్ణయించుకుంటుంది. రెండో దీపం పిన్ను సంగతి దీనికి తలకిందులు. లోపలి ఏర్పాటు దాన్ని పైకి లాగుతుంది. 50 మెగాహెర్ట్జుల గడియారపు సంకేతాన్ని చిప్పే బయటికి ఇవ్వాలనుకుంటే ఆ పిన్ను కింద ఉండాలి. అందుకు దీపాన్ని గ్రౌండు వైపు కలిపి, పిన్ను నుంచి గ్రౌండుకు 10 కిలో ఓముల రెసిస్టరు విడిగా వేయాలి.

మిత్రులారా! స్టార్టరు పెట్టెలోని దీపం ఉన్న సంగతి చూపిస్తుందే గాని మోటారును ఆపలేదు. ఇక్కడి దీపం చిప్పునే ఆపగలదు. కాబట్టి ఏ చిప్పయినా సరే, దీపం పిన్ను పేరు పక్కన ఇంకో పేరుందేమో చూడండి. ఉంటే ఆ పనేమిటో తెలుసుకున్నాకే తీగ కలపండి.

రెండో చిప్పు కొనే అవసరం రాలేదు. సెలవులకు ఊరెళ్లి ఇదంతా చెబితే నాయన నవ్వి, స్టార్టరు పెట్టెలో చాన్నాళ్లుగా వెలగని పసుపు దీపం మార్చే పని నాకు అప్పగించాడు.