స్పందించు పదార్థములు — దేహరక్షణ సాధనములు

యంత్రశాస్త్రము నభ్యసించు విద్యార్థులు నేడు తమ ప్రాజెక్టులకై స్పందించు పదార్థములను తరచుగా నెన్నుకొనుచున్నారు. దెబ్బ, వేడి, విద్యుత్తు మున్నగు వానికి లోనైనపుడు తమ గుణమును మార్చుకొను పదార్థములకే యీ పేరు. అట్టివానిలో రెండింటిని ఇచట పరిశీలింతము.

మొదటిది దెబ్బకు గట్టిపడు ద్రవము. బజారులో కార్న్‌ఫ్లోరను పేర దొరకు పిండిని రెండు పాళ్లును, నీటిని ఒక పాలును కలిపి చూడుడు. వ్రేలిని మెల్లగా ముంచినచో సులభముగా దిగును. పిడికిటితో గ్రుద్దినచో రాయివలె నెదిరించును. మెల్లని కదలికలో పిండిరేణువులు నీటి నడుమ జారుచుండును. హఠాత్తుగా నొత్తిడి కలిగినపుడు ఒండొంటిని తాకి బిగిసికొనును. అయితే యీ మిశ్రమమును మోకాలి కవచములో నింపినచో నిలువదు. పిండి యడుగున చేరును, నీరు ఇగిరిపోవును, తుదకు కుళ్లును. కావుననే 2003వ సంవత్సరమున డెలావేర్ విశ్వవిద్యాలయపు నార్మన్ వాగ్నరును, అమెరికా సైన్య పరిశోధకులును పిండికి బదులు సన్నని సిలికా రేణువులను, నీటికి బదులు సులభముగా నిగిరిపోని గ్లైకాలు ద్రవమును గైకొని, దానిలో కెవ్లారు వస్త్రమును తడిపి పరీక్షించిన ఫలితములను ప్రకటించిరి.

రెండవది తన రూపమును జ్ఞప్తియం దుంచుకొను లోహము. నికెలును, టైటానియమును కలిసిన యీ లోహమును 1959వ సంవత్సరమున అమెరికా నౌకాదళ ఆయుధ పరిశోధనశాలలో విలియం బ్యూలరు పరిశోధించెను. 1961లో జరిగిన యొక సమావేశమున, పలుమార్లు వంచబడిన ముక్క క్రింద ఒకరు లైటరు వెలిగింపగా నది తన పూర్వరూపమును పొందెను. నిటినాలని దీని పేరు. ఈ తీగెలో విద్యుత్తును ప్రసరింపజేసినచో వేడెక్కి కుంచించుకొనును. కావున పక్షవాతముచే బలహీనపడిన వ్రేళ్లను ముడుచుటకు చేతితొడుగులలో దీనిని వాడవచ్చునని విద్యార్థులు యత్నింతురు.

ఇచటనే లెక్క యవసరము. తీగె తన పొడవులో నూటికి సుమారు నాలుగు పాళ్లే కుంచించును. 20 సెంటీమీటర్ల తీగెకు లభించు కదలిక 8 మిల్లీమీటర్లు మాత్రమే. వ్రేలు పూర్తిగా ముడుచుటకు ఇది చాలదు. మరియు తీగె చల్లారినగాని వ్రేలు తిరిగి చాచుకొనజాలదు. అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి గలదు. ఇట్టి పనికి వాడు తీగెలు సాధారణముగా 70 డిగ్రీల సెంటీగ్రేడునకు పైబడి వేడెక్కవలసియుండును. ఆరోగ్యవంతుడు వేడి తగిలినంతనే చేయి తీసికొనును. పక్షవాత రోగులలో పలువురకు స్పర్శజ్ఞానము కూడ తగ్గియుండును. చర్మము కాలుచున్నను వారికి తెలియకపోవచ్చును. సాయము చేయబూనిన సాధనమే గాయము చేయును!

కావున విద్యార్థులారా, ఇట్టి సాధనమును నిర్మింపబూనినపుడు “ఈ పదార్థ మేమి చేయగలదు?” అని మాత్రమే ప్రశ్నింపకుడు. “దీనిని ధరించువా డెవడు? అతనికి లేని శక్తి యేది? తీగె తెగినను, విద్యుత్తు మిగులైనను అతని గతి యేమి?” అని ముందుగా నడుగుడు. కొలిచి, లెక్కించి, కొయ్యచేతిపై వందలమార్లు పరీక్షించిన పిదప, వైద్యుని సమ్మతితోనే మనుష్యుని చేతికి తొడుగవలెను. పదార్థము తానుగా స్పందించును గాని యోచింపజాలదు; ఆ పని నిర్మాతదే.