పాతబస్తీ దారులకు కొత్త నంబర్లు

పాతబస్తీలో బహదూర్‌పురా, జూపార్కు, ఆరాంఘర్ మీదుగా బెంగళూరు బాట పట్టే రోడ్డును పెద్దవాళ్లు ఇప్పటికీ ‘ఎన్‌హెచ్ 7’ అనే అంటారు. పరీక్షలో మాత్రం 44 అని రాయాలి. 2010లో కేంద్రం జాతీయ రహదారులన్నింటికీ కొత్త సంఖ్యలు ఇచ్చింది. వారణాసి–కన్యాకుమారి మార్గమైన పాత 7లో లఖ్నాదోన్‌కు దక్షిణాన ఉన్న భాగాన్ని ఉత్తరాది రహదారులతో కలిపి శ్రీనగర్ దాకా పొడిగించారు. అదే ఎన్‌హెచ్ 44, దేశంలోకెల్లా పొడవైనది. ఇందులో కలిసిపోయిన పాత రహదారులు ఏడు: 1ఎ, 1, 2, 3, 75, 26, 7. కొన్ని పూర్తిగా, కొన్ని పాక్షికంగా చేరాయి.

సంఖ్యలను బట్టీ పట్టొద్దు, సూత్రం పట్టుకోండి. ఉత్తర–దక్షిణ దారులకు సరి సంఖ్యలు. తూర్పు నుంచి పడమరకు పెరుగుతాయి. అందుకే విజయవాడ మీదుగా వెళ్లే తూర్పు తీర రహదారి 16, హైదరాబాద్‌ది 44, పడమటి తీరానిది 66. తూర్పు–పడమర దారులకు బేసి సంఖ్యలు; ఉత్తరం నుంచి దక్షిణానికి పెరుగుతాయి. మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వాసులు ఎరిగిన విజయవాడ రోడ్డు, అంటే పుణె–మచిలీపట్నం పాత 9, ఇప్పుడు 65.

మూడంకెలుంటే అది శాఖ. చివరి రెండంకెలు మూల రహదారివి. చాంద్రాయణగుట్ట వైపు నుంచి శ్రీశైలం వెళ్లే 765కు మూలం 65. అభ్యర్థులు ఎక్కువగా తడబడేది 163 దగ్గర. హైదరాబాద్–భూపాలపట్నం పాత 202ను చేవెళ్ల మీదుగా పడమరకు కొడంగల్ దాకా పొడిగించి ఆ సంఖ్య ఇచ్చారు. కాబట్టి 163 హైదరాబాద్‌లో మొదలవదు, నగరం గుండా సాగిపోతుంది.